రూపాయి బిళ్ళ ఆపిన రైలు

టీ చల్లారేలోపు చెప్పేస్తా గానీ, మధ్యలో ఎవరూ నవ్వకూడదు. ముందే ఒట్టు వెయ్యండి. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున నేను రైలు నడుపుతూ, ఒక్క తప్పు లేకుండా, రాయచూరు దాటించి, సరిగ్గా కృష్ణ బ్రిడ్జి నడిమధ్యకి తీసుకెళ్ళా. అక్కడ మా అమ్మ రూపాయి బిళ్ళ విసిరి నా రైలు ఆపేసింది. అంత పెద్ద రైలు! ఒక్క రూపాయి! చూశారా, అప్పుడే మూతులు బిగబడుతున్నాయి.

ఎరువుల కొట్టువాడివి నువ్వు రైలు నడపడమేంట్రా అంటారా? కంప్యూటర్‌లో లెండి. గేమ్. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది గానీ మీకు ఇంకెలా చెప్పను? సిమ్యులేటర్ అనాలి. ఎవరో రైళ్ళ పిచ్చాయన ఒక్కడే కూర్చుని తయారు చేశాడంట. ఇందులో కాల్చడాలు, దూకడాలు ఏమీ ఉండవు. అచ్చం రైలే. స్టేషన్ కనపడ్డాక బ్రేక్ వేస్తే ఆగదు, కనపడకముందే వెయ్యాలి. గేటు దగ్గర హారన్ కొట్టకపోతే తప్పు. స్పీడు కాస్త పెరిగితే తప్పు. రాయచూరు వెళ్ళడానికి నిజం రైలుకి ఎంతసేపు పడుతుందో దీనికీ అంతే పడుతుంది. పైగా మాటిమాటికీ ఒక బటన్ నొక్కుతూ ఉండాలి, డ్రైవర్ మెలకువగా ఉన్నాడని రైలుకి తెలియాలిగా! నొక్కకపోతే దానంతటదే ఆగిపోతుంది. మా ఆవిడ లలిత ఏమంటుందో తెలుసా? "ఏవండీ, ఆ బటనేదో నాకూ ఒకటి తెచ్చిపెట్టండి. నేను మాట్లాడేటప్పుడు మీరు మెలకువగా ఉన్నారో లేదో నాకూ తెలుస్తుంది" అంటుంది.

నవ్వండి, నవ్వండి. మీకు తెలియంది ఒకటుంది. మాది మస్కి దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపు కదా. మా నాన్న గుంటూరు వైపు నుంచి వరి పండించడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏడాదికోసారి చుట్టాల ఊరెళ్ళాలంటే బస్సులో రాయచూరొచ్చి రైలెక్కేవాళ్ళం. ఆ ఇంజిన్ని చూసిన రోజు నుంచీ నాకు డ్రైవర్ అవ్వాలనే. పరీక్ష రాశా, పాసయ్యా కూడా. తర్వాత మెడికల్‌లో కళ్ళు చూసి పంపించేశారు. ఇదిగో, ఈ సోడాబుడ్డి అద్దాలు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నా, అదీ రైల్లో కూర్చునే. ఇప్పుడు యూరియా బస్తాలు అమ్ముకుంటూ హాయిగానే ఉన్నా గానీ, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు ఇంజిన్ పక్క నుంచి వెళ్తే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అబద్ధం చెప్పను.

అందుకని ఈ గేమ్ దొరగ్గానే అంటుకుపోయా. నాలాంటి వాళ్ళకి ఒక గ్రూపు కూడా ఉంది. దానికి పెద్ద ఒకాయన, ఆదోనిలో ఉంటాడు, అందరం చీఫ్ గారూ అంటాం. ఆయన పరీక్ష పెడతాడు. మంత్రాలయం రోడ్ నుంచి రాయచూరు మీదుగా కృష్ణ స్టేషన్ దాకా, మన లైనే, ఎవరో కష్టపడి గేమ్‌లో పెట్టారు. మన స్క్రీన్ గ్రూపంతా చూస్తుంది. మైక్ ఆన్‌లో ఉండాలి. ప్రతి సిగ్నల్ నిజం డ్రైవర్లాగా పైకి అరిచి చెప్పాలి. మధ్యలో ఆపడానికి లేదు. ఒక్క తప్పు లేకుండా కృష్ణ స్టేషన్‌లో బోర్డు దగ్గర ఆపితే పాస్. పాసైనవాడి పేరు పక్కన చిన్న ఇంజిన్ బొమ్మ పెడతారు. అంతే. ఆ చిటికెన వేలి గోరంత బొమ్మ కోసం నేను నెలల తరబడి ప్రాక్టీస్ చేశానంటే నమ్మండి. ఎక్కడో ఒకచోట నేను డ్రైవర్నని రాసి ఉండాలి, అదీ నా బాధ.

సరే, ఆ ఆదివారం వచ్చింది. మన రాయచూరు ఎండ సంగతి మీకు చెప్పేదేముంది! కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతుందేమోనని భయం. అందుకని ఆ సీపీయూ డబ్బా పక్క రేకు ఊడదీసి, టేబుల్ మీద స్క్రీన్‌కి ఎడమ పక్కన నిలబెట్టి, దాని మీదకి టేబుల్ ఫ్యాన్ తిప్పిపెట్టా. నాకు చెమటలు పడితే పట్టాయి, దానికి పట్టకూడదు. "ఇవాళ ఈ గదిలోకి ఎవరూ రావద్దు" అని ఇంట్లో గట్టిగా చెప్పా. లలిత సరేనంది. అమ్మ వినలేదు. వినలేదంటే, ఆవిడకి వినబడింది గానీ లెక్కచెయ్యలేదు.

మైక్ ఆన్ చేశా. గొంతు సవరించుకున్నా. "మంత్రాలయం రోడ్! స్టార్టర్ గ్రీన్!" అని అరిచా. అంతే, వంటింట్లోంచి గోరుచిక్కుడు కాయల పళ్ళెంతో అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"మంత్రాలయమా! చెప్పాపెట్టకుండా బయల్దేరతావేంట్రా శేషూ? స్వామికి దణ్ణం పెట్టుకోనీ, ఒక్క క్షణం ఆపు."

"అమ్మా, సిగ్నల్ ఇచ్చేశారే!" అన్నా గొంతు తగ్గించి.

"స్వామి కంటే సిగ్నల్ ఎక్కువా?"

మైక్ ఆన్‌లో ఉంది. చీఫ్ గారు వింటున్నాడు. మెల్లగా బండి కదిలించా. అమ్మ లెంపలేసుకుని, కుర్చీ లాక్కుని నా వెనకే కూర్చుంది. కాయలు తుంచుతూ కిటికీలోంచి చూసినట్టు స్క్రీన్ చూడ్డం మొదలుపెట్టింది. "ఇంజిన్‌లోంచి చూస్తే ఊళ్ళు ఇలా ఉంటాయన్నమాట" అంటోంది. అంతవరకూ బానే ఉంది. ఇంతలో తుంగభద్ర బ్రిడ్జి వచ్చేసింది.

"అయ్యో, తుంగభద్రమ్మ! చేతిలో పైసా లేదే! కాస్త ఆపరా!"

"బ్రిడ్జి మీద ఆపకూడదమ్మా."

"మన పొలం తడిపిన తల్లిరా! ఈ నీళ్ళతో పండిన వడ్లు అమ్మేరా నువ్వు చదువుకుంది! దణ్ణం తప్ప ఏమీ ఇవ్వకుండా దాటేస్తామా? పోనీ కొంచెం వెనక్కి పోనీ."

వెనక్కి పోనీ అంటోంది! రైలుని! రివర్స్‌లో ఎడ్లబండి కూడా సరిగా పోదు, మా అమ్మకి రైలు పోవాలి. చెవుల్లో చీఫ్ గారి గొంతు వినపడింది. "డ్రైవర్ గారూ, క్యాబిన్‌లో ఎవరండీ మాట్లాడేది?"

నాకు ఆ క్షణంలో ఏం తోచిందో ఏమో, "అసిస్టెంట్ డ్రైవర్ సార్" అనేశా. చీఫ్ గారు "ఊఁ, పోనివ్వండి" అన్నాడు. బతికిపోయా అనుకున్నా.

రాయచూరు స్టేషన్‌లో అంగుళం తేడా లేకుండా ఆపా. గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడ్డాయి. అక్కడ కాసేపు హాల్ట్. లలిత గుమ్మంలోకి తొంగిచూసి, "ఎక్కడున్నారు?" అంది. రాయచూరులో అని చెప్పా. "మన ఊరే కదండీ, దిగి కొత్తిమీర పట్టుకొచ్చి వెళ్ళండి" అంది. గ్రూపంతా విన్నారు. ఆ రోజు నుంచీ చీఫ్ గారు తప్ప ఎవడూ నన్ను శేషూ అని పిలవడం లేదు, కొత్తిమీర డ్రైవర్ అంటున్నారు.

ఆ హాల్ట్‌లోనే మా ఎదురింటి సరోజత్త ఎక్కింది. ఎక్కిందనే అనాలి మరి. అమ్మ కిటికీలోంచి కేకేసి పిలిచిందంట. ఆవిడ వాళ్ళది తరతరాలుగా రాయచూరే. చేతిలో మిర్చీ బజ్జీలు, మండక్కి మరమరాల పొట్లంతో సహా వచ్చింది.

"ఏందక్కా, రైలు వచ్చిందని పిలిస్తివి, ఏడున్నది? ఓ, గిదా! ఏంది బిడ్డా, గిట్ల ఇంట్ల కూసొని రైలు నడుపుతున్నవా? టికెట్ గిట్ల అడుగుతరా?"

"అడగరు గానీ అత్తా, మెల్లగా..."

"నాకు కిటికీ కాడ సీటు కావాలె. నడుమ కూసుంటే నాకు తిప్పుతది." అని కుర్చీ లాక్కుని ఎడమ పక్కన, ఆ సీపీయూ డబ్బా దగ్గర కూర్చుంది. టేబుల్ ఫ్యాన్ గాలి మొహానికి తగుల్తోందిగా! "ఆఁ, గాలి మంచిగ వస్తున్నది. జర జల్దీ పోనియ్యి" అంది.

బయల్దేరా. కానీ ఒకటి చెప్పాలి. కాసేపటికి ఆ గోల నాకు నచ్చడం మొదలైంది. నేను "గ్రీన్!" అని అరిచేలోపు అమ్మ "పచ్చరా, పచ్చ!" అంటోంది. సరోజత్త "అవ్ బిడ్డా, పచ్చనే" అని ఖాయం చేస్తోంది. నిజం రైల్లో ఇద్దరే చెప్పుకుంటారు, నా రైల్లో ముగ్గురం. హారన్ బోర్డు రాగానే లలిత కూడా "కొట్టండి, కొట్టండి" అంటూ వచ్చి నిలబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చేసే పనిని మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూడటం అదే మొదటిసారి. ఛాతీ ఇంత అయ్యింది నాకు.

ఇంకేముంది, దూరంగా శక్తినగర్ పొగగొట్టాలు కనపడ్డాయి. ఆ గొట్టాలు కనపడితే కృష్ణ దగ్గరికొచ్చిందని ఈ లైన్లో తిరిగిన ప్రతివాళ్ళకీ తెలుసు. బ్రిడ్జి దాటితే కృష్ణ స్టేషనే. అక్కడ ఆపితే పాసే! నా గుండె దడదడలాడుతోంది. అమ్మకి కూడా దడే, కానీ అది వేరే దడ.

"లలితా! చిల్లర! పోపుల డబ్బాలో ఉంటుంది చూడు! తుంగభద్రమ్మ దగ్గర తప్పిపోయింది, ఇది తప్పకూడదు!"

నేను వినలేదు. వినే స్థితిలో లేను. బ్రిడ్జి మీద స్పీడు తగ్గించాలి, గీత దాటితే ఫెయిల్. కళ్ళు స్పీడు ముల్లు మీదే పెట్టి, బ్రేక్ కొంచెం కొంచెం వేసుకుంటూ, పువ్వు మీద నడిపినట్టు బండిని బ్రిడ్జి మీదకి ఎక్కించా. చక్రాల చప్పుడు మారింది. స్క్రీన్ నిండా నీళ్ళు. వెనక కుర్చీలు జరిగిన చప్పుడయ్యింది. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"ఇది మన కృష్ణమ్మేరా" అంది అమ్మ. "ఇక్కడ వేస్తే బెజవాడ దాకా పోతుంది. మా పుట్టింటి రేవు పక్క నుంచే పోతుంది."

నిజంగా ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరగడం వల్లే అమ్మ చెయ్యి ఎత్తడం నేను చూడలేదు.

"గోవిందా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. లలిత వేసిన బిళ్ళ నా బట్టతల మీద పడింది. సరోజత్తది కీబోర్డు మీద పడి, ఎగిరి, మండక్కి పొట్లంలో పడింది. వీళ్ళిద్దరికీ అలవాటు లేదు పాపం. కానీ మా అమ్మ అలాంటిలాంటి మనిషా? జీవితమంతా రైలు కిటికీ ఊచల మధ్య నుంచి, బ్రిడ్జి ఇనప కమ్మీలకి తగలకుండా, చూసుకుని చూసుకుని నదిలోకి వేసిన చెయ్యి అది. పైగా ముందు అద్దం డ్రైవర్‌ది, దాంట్లోంచి ఎవరైనా వేస్తారా? పక్క నుంచి వెయ్యాలి. పక్కన ఏముంది? రేకు ఊడదీసిన డబ్బా. దాని దగ్గర చల్లగా గాలి, లోపల్నుంచి రయ్యిమని చప్పుడు. అమ్మ గురిచూసి, వంగి, ఎడమ పక్క నుంచి కృష్ణమ్మకి వేసింది. బిళ్ళ నేరుగా వెళ్ళి సీపీయూ కడుపులో పడింది.

టప్! అంది. చిన్న నీలం మెరుపు. స్క్రీనంతా చీకటి. కాలిన వాసన.

"గుహ వచ్చిందా బిడ్డా?" అంది సరోజత్త.

"కరెంటు పోయిందేమో" అంది లలిత. ఫ్యాన్ మాత్రం హాయిగా తిరుగుతోంది.

అమ్మ ఒక్కతే ప్రశాంతంగా ఉంది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిలబడి ఉంది. పని జరిగిపోయింది ఆవిడకి.

ఫోన్ మోగింది. చీఫ్ గారు. "శేషు గారూ, ఏం జరిగిందండీ? గోవిందా అన్నారు, తర్వాత బండి లేదు! గ్రూపులో అందరూ నదిలో పడిపోయిందనుకుంటున్నారు!"

"లేదు సార్... అసిస్టెంట్ డ్రైవర్ నదిలో రూపాయి వేసింది సార్. అది ఇంజిన్‌లో పడింది."

చాలాసేపు అటు నుంచి దగ్గు. దగ్గు కాదది, నాకు తెలుసు. ఆఖరికి ఆయన అన్నాడు, "నడపడంలో మీ తప్పేమీ లేదండీ. బ్రిడ్జి మీదకి ఎక్కించిన తీరు చాలా బాగుంది. కానీ బండి కృష్ణకి చేరలేదుగా, పాస్ ఎలా చెయ్యను? వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇంకోసారి ఇస్తా. అదే ఆఖరు. ఇంజిన్‌లో మిర్చీ పొట్లాలు లేకుండా చూసుకోండి."

సోమవారం కంప్యూటర్ని భుజాన వేసుకుని రిపేర్ షాపుకి పోయా. ఆ షాపతను డబ్బా బోర్లించి ఒకసారి తట్టాడు. రూపాయి ఠంగుమని బల్ల మీద పడి గుండ్రంగా తిరిగింది. అతను దాని వంక చూశాడు, నా వంక చూశాడు. "అన్నా, యే కంప్యూటర్ హై యా హుండీ?" అన్నాడు. ఇది కంప్యూటరా, హుండీనా అంట! ఏదో భాగం కాలిపోయిందని మార్చి ఇచ్చాడు, శనివారానికి చేతికొచ్చింది. ఇంటికి తెచ్చి, రేకు బిగించి, ఆ నల్లబడ్డ బిళ్ళ అమ్మ చేతిలో పెట్టబోయా.

అమ్మ పాము కనపడ్డట్టు వెనక్కి జరిగింది. "కృష్ణమ్మకి వేసింది ఇంట్లోకి తెస్తావా? నదిలో వెయ్యి ముందు."

"వేస్తాలేమ్మా, రేపు టెస్టు అవగానే..."

"అది నదిలో పడేదాకా ఆ డబ్బా ముట్టుకుంటే నా మీద ఒట్టే."

ఇక చేసేదేముంది! బిళ్ళని పసుపు రాసిన గుడ్డలో చుట్టి నా జేబులో పెట్టింది. తనకి మోకాళ్ళ నొప్పి, రాలేదు. మధ్యాహ్నం టెస్టు కదా, పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి బ్రిడ్జి మీద బిళ్ళ వేసేసి, కృష్ణలో దిగి, వెంటనే ఏదో ఒక బండి పట్టుకుని తిరిగొచ్చేస్తే సరిపోతుందనుకున్నా. మంచి కిటికీ సీటు దొరికింది. బిళ్ళ జేబులో, కిటికీ పక్కన, నది ఎదురుగా. ఇంతకంటే సులువైన పని లోకంలో ఉందా?

కానీ బండి రాయచూరు నుంచి కదిలిన తీరు ఉంది చూశారూ! కుదుపన్నదే లేదు. అబ్బ, ఈ డ్రైవర్ ఎవరో పనిమంతుడు అనుకున్నా. ఇక నా బుర్ర ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు బ్రేక్ వేస్తాడు అనుకుంటా, వేస్తాడు. ఇప్పుడు హారన్ అనుకుంటా, హారన్! కిటికీలోంచి తల వంచి చూసి, సిగ్నల్ కనపడగానే "గ్రీన్!" అని అరిచా. ఎదుటి సీట్లో పెద్దాయన ఉలిక్కిపడి, "ఏన్రీ, యారిగె హేళ్తా ఇద్దీరి?" అన్నాడు. ఎవరికి చెప్తున్నానంట! డ్రైవర్‌కి అన్నా. ఆయన మూట తీసుకుని వేరే సీటుకి మారిపోయాడు.

శక్తినగర్ గొట్టాలు వచ్చాయి. "ఇక్కడ తగ్గించాలి" అన్నా పైకే. తగ్గించాడు! ఎంత మెల్లగా, ఎంత మెత్తగా! నేనెప్పుడూ అలా తగ్గించలేదు. బండి బ్రిడ్జి ఎక్కింది. నేను కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా చెవులు చేసుకుని ఆ చప్పుడు విన్నా. చేత్తో గాల్లోనే బ్రేక్ పట్టుకున్నా. ఆయనతో పాటే వదిలా, ఆయనతో పాటే వేశా. ప్లాట్‌ఫాం పక్కకి వచ్చి బండి ఆగితే, ఆగిందని కూడా తెలియలేదు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టా. పెట్టెలో ఉన్న నలుగురూ నన్నే చూస్తున్నారు. పట్టించుకోలేదు. దిగి ప్లాట్‌ఫాం మీద ఇంకా నవ్వుకుంటూనే ఉన్నా.

ఫోన్ మోగింది. అమ్మ.

"వేశావురా?"

చెయ్యి జేబులోకి పోయింది. పసుపు గుడ్డ చేతికి తగిలింది. ముడి కూడా విప్పలేదు.

వెనక్కి నది వైపు చూశా. బండి వెళ్ళిపోయింది. రాయచూరు వైపు బండి ఎప్పుడని అడిగితే, టికెట్ల కిటికీలో ఆయన చాలా తాపీగా చెప్పాడు. అది వచ్చేసరికి నా టెస్టు టైము దాటిపోతుంది. ఇంతలోనే చీఫ్ గారి మెసేజ్. "రెడీయేనా? ఎక్కడున్నారు?"

బెంచీ మీద కూలబడి, ఉన్నదున్నట్టే రాశా. "సార్, నేను కృష్ణ స్టేషన్‌లోనే ఉన్నా. బండి బోర్డు దగ్గర చక్కగా ఆగింది, ఒక్క తప్పు లేదు. డ్రైవర్ పాస్ సార్. ప్యాసింజరే ఫెయిల్."